మొహమాటం పక్కనపెట్టి కో-ఫౌండర్‌ని ఎంచుకోవడం: విశాఖలో స్టార్టప్ పెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

"ఇంకా ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే వాటాల గొడవేటి బావా" అని నవ్వుకుంటూ మొదలుపెట్టిన కంపెనీల్లో, తర్వాత గొడవ వచ్చేది సరిగ్గా ఆ వాటాల దగ్గరే. చేతిలో పైసా లేనప్పుడు వాటాల గురించి మాట్లాడటం అరగంట పని. అదే పది లక్షల ఆర్డరు వచ్చాక మాట్లాడాలంటే లాయరు కావాలి. మన దగ్గర భాగస్వామ్యాలను దెబ్బతీసే వాటిలో మోసం కంటే మొహమాటానిదే పెద్ద పాలు. మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగు సామెత కుండబద్దలు కొట్టి మరీ చెప్పింది.

కింద ఇచ్చిన పనుల వరస ముఖ్యం. చాలామంది ముందు కంపెనీ రిజిస్టర్ చేయించి, తర్వాత పనులు పంచుకుని, ఆఖర్న ఒకరినొకరు పరీక్షించుకుంటారు. దాన్ని తిరగేయాలి.

1. అసలు మీకు కావలసింది కో-ఫౌండరేనా?

2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. ఆ రెండో కుర్చీ నింపడానికి తమ్ముడి పేరో, అమ్మ పేరో రాస్తుంటారు. అది చట్టం అడిగిన లెక్క పూర్తిచేయడమే, కో-ఫౌండర్‌ని తెచ్చుకోవడం కాదు. ఒక్కరే నడపగలిగితే వన్ పర్సన్ కంపెనీ పెట్టుకునే వీలు అదే చట్టంలో ఉంది.

తేల్చుకోవడానికి ఒక తెల్లకాగితం చాలు. వచ్చే 12 నెలల్లో జరగాల్సిన పనులన్నీ రాసి మూడు గుంపులు చేయండి: నేను చేయగలిగినవి, జీతమిచ్చి చేయించగలిగినవి, తెలివితో పాటు తెగింపు కూడా ఉన్న మనిషి తన సొంత పనిలా మోయాల్సినవి. ఉదాహరణకి ఫిషింగ్ హార్బరు నుంచి హోటళ్లకు చేపలు సరఫరా చేసే వ్యాపారం తీసుకుందాం. యాప్ రాయించడం రెండో గుంపులోకి వస్తుంది. తెల్లారకముందే హార్బరుకు వెళ్లి, వేలంపాటలో ధర చూసి సరుకు కొని, ఐసు సరిపోకపోతే అక్కడికక్కడే సర్దుకోవడం మూడోది. మూడో గుంపులో మీవల్ల కానిది ఉంటేనే కో-ఫౌండర్‌ని వెతకండి. మూడో గుంపు ఖాళీగా ఉంటే మీకు కావలసింది ఉద్యోగి. ఒంటరిగా ఉండటం భయమనిపించి 50 శాతం వాటా ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. ఆ భయానికి నెలకోసారి కలిసే సలహాదారు చాలు.

2. ఎక్కడ వెతకాలి

విశాఖలో స్టార్టప్ అనగానే అందరి చూపూ రుషికొండ ఐటీ కొండల మీదకే వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ మనిషి కోసమైతే అది సరే. కానీ ఈ ఊరి అసలు బలం వేరు. షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రెండు పోర్టులు, పరవాడ ఫార్మా సిటీ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి ఇక్కడున్నాయి. ఇరవై ఏళ్లు వెల్డింగ్ నాణ్యత చూసిన ఇంజనీరు, కంటైనర్ క్లియరెన్సులో తలపండిన మనిషి మరో ఊళ్లో ఇంత సులువుగా దొరకరు. మీది పరిశ్రమలకు అమ్మే వస్తువైతే ముందు అటు చూడండి.

ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణంలో ఆ-హబ్ ఇన్‌క్యుబేటరు (కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చే కేంద్రం), సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ వారి ఐఓటీ (నెట్‌కు కలిపిన పరికరాలు), ఏఐ (కృత్రిమ మేధ) కేంద్రం ఉన్నాయి. ఐఐఎం విశాఖపట్నానికి ఫీల్డ్ అనే ఇన్‌క్యుబేటరు ఉంది. వైద్య పరికరాల మీద పనిచేస్తుంటే పెదగంట్యాడ వైపున్న మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి కాబట్టి ఆ రంగం మనుషులు అక్కడే తారసపడతారు. ఇలాంటి చోట్ల జరిగే కార్యక్రమాలకు విజిటింగ్ కార్డులు పంచడానికి వెళ్తే పెద్దగా ఒరిగేది లేదు. మీ సమస్య ఒకటి తీసుకెళ్లి, "దీన్ని ఎవరు పరిష్కరించగలరు" అని అడగండి. మూడు నాలుగు చోట్ల ఒకే పేరు వినబడితే, ఆ మనిషి దగ్గరకు వెళ్లండి.

ఈ ఊళ్లో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పాతికేళ్ల కుర్రాడితో మొదలుపెడితే, ఏడాది తిరిగేసరికి అతను హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండొచ్చు. "వచ్చే మూడేళ్లు విశాఖలోనే ఉంటావా?" అన్న ప్రశ్న మొదటి కబుర్లలోనే అడగాలి. "చూద్దాం" అంటే ఉండరనే లెక్క వేసుకోండి.

3. స్నేహితుడు, బంధువు, ఉద్యోగంలో ఉన్నవారు

కలిసి చదువుకోవడం కంటే కలిసి పనిచేయడం మంచి పునాది. రాకెట్లు తయారుచేసే స్కైరూట్ కంపెనీ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసినవారు. 2018లో కంపెనీ పెట్టారు, 2022 నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది. స్నేహితులతో కుదరదని కాదు. 2006లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టిన ముగ్గురూ బిట్స్ పిలానీ స్నేహితులే. అయితే స్నేహంలో చూసే గుణాలు, వ్యాపారంలో కావలసిన గుణాలు ఒకటి కావు. సినిమాకి ఆలస్యంగా వచ్చే స్నేహితుణ్ని నవ్వి వదిలేస్తాం. జీఎస్టీ రిటర్ను ఆలస్యం చేసే భాగస్వామికి ఆలస్య రుసుము కంపెనీయే కట్టాలి.

బంధువుల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. బావమరిదిని కంపెనీ నుంచి తప్పించాలంటే ముందు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర తప్పించాలి. అయినా బంధువే సరైన మనిషి అనిపిస్తే, వాటా ఒప్పందం సంతకాలకు ముందు రెండు ఇళ్లలోనూ పెద్దవాళ్లకి చదివి వినిపించండి. వినడానికి నవ్వులాటగా ఉన్నా, రెండేళ్ల తర్వాత "మావాడికి అన్యాయం చేశావు" అన్న మాటను ఆపేది అదొక్కటే.

విశాఖలో ఎక్కువగా కనిపించే సమస్య ఉద్యోగంలో ఉన్నవారిది. ప్రభుత్వోద్యోగులకు ప్రవర్తన నియమాలు, ప్రభుత్వ రంగ సంస్థల వారికి తమ సొంత సర్వీసు నియమాలు ఉంటాయి. అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి అవి ఒప్పుకోవు. అప్పుడు "మా ఆవిడ పేరు మీద పెడదాం" అన్న ప్రతిపాదన వస్తుంది. దాంతో ఏమవుతుందో తెలుసుకోండి. చట్టం దృష్టిలో వాటాదారు ఆమె, డైరెక్టరైతే బాధ్యతా ఆమెదే. వాటా ఒకరి పేర ఉండి దాని ప్రయోజనం మరొకరిదైతే, కంపెనీల చట్టం 89వ సెక్షను కింద ఇద్దరూ 30 రోజుల్లో ఎంజీటీ-4, ఎంజీటీ-5 ఫారాల్లో ప్రకటించాలి. ఆ ప్రకటన చేస్తే ఉద్యోగానికి ముప్పు, చేయకపోతే చట్టానికి ఎదురు. ఇలాంటి వారిని సలహాదారుగా ఉంచుకోండి, రాజీనామా చేశాకే వాటా ఇవ్వండి.

ప్రైవేటు ఉద్యోగమైతే వారి నియామక పత్రం అడిగి చదవండి. రెండు నిబంధనలు చూడాలి: బయట పని చేయకూడదన్నది ఒకటి, ఉద్యోగంలో ఉండగా తయారుచేసినదంతా యజమానిదే అన్నది రెండోది. రెండోది ఉంటే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసిన ఒక్క కోడ్ ఫైలు కూడా తర్వాత పెట్టుబడిదారు ముందు మీకు తలనొప్పి అవుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో డబ్బు పెడతానంటే సంతోషమే. ఆ డబ్బును తిరిగి విదేశానికి తీసుకెళ్లే హక్కుతో పెడితే, షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం దాఖలు చేయాలి. ఆ హక్కు లేకుండా పెడితే దేశీయ పెట్టుబడిలాగే చూస్తారు. ఏ పద్ధతో డబ్బు రాకముందే సీఏతో తేల్చుకోండి. ఇక అక్కడుండి రాత్రిపూట పనిచేస్తానంటే, పెట్టుబడిదారుగా ఉండమని మర్యాదగా చెప్పడం మేలు. అక్కడ ఉద్యోగం ముగించుకుని వారు తీరుబడిగా కూర్చునేసరికి ఇక్కడ తెల్లవారుతుంది. కస్టమరు మాత్రం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తాడు.

4. ముఖాముఖి అడగాల్సినవి

మూడు విడతలుగా కూర్చోండి, ఒక్కో విడత రెండు గంటలు. మొదటిది వ్యాపారం గురించి, రెండోది డబ్బు గురించి, మూడోది జీవితం గురించి. వ్యాపారం ఊసులు అందరూ ఎలాగూ మాట్లాడతారు, కాబట్టి రెండో విడత మీద ఎక్కువ దృష్టి పెట్టండి. జవాబులు ఇద్దరూ విడివిడిగా రాసుకొచ్చి, ఒకేసారి కాగితాలు మార్చుకోవాలి. నోటితో చెప్పుకుంటే రెండోవారు మొదటివారి అంకెకే దగ్గరగా వస్తారు.

- మీ ఇంటి ఖర్చు నెలకెంత? ఈఎంఐలు, అప్పులు, చీటీలు కలిపి చెప్పాలి.
- జీతం లేకుండా ఎన్ని నెలలు నిలబడగలరు? 12 నెలల కంటే తక్కువైతే ఉద్యోగం ఎప్పుడు మానాలన్నది మళ్లీ ఆలోచించండి.
- సొంత డబ్బు ఎంత పెడతారు? అది వాటా కిందా, కంపెనీకి అప్పుగానా?
- బ్యాంకు లోనుకు వ్యక్తిగత హామీ సంతకం పెడతారా? ఇల్లు తాకట్టు పెడతారా?
- రెండేళ్లలో ఇంట్లో పెళ్లి, ప్రసవం, పెద్దవాళ్ల వైద్యం వంటి పెద్ద ఖర్చు ఏదైనా ఉందా?
- ఎవరైనా ఐదు కోట్లిచ్చి మొత్తం కొంటామంటే అమ్మేస్తారా?

ఆఖరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఒకరు "వెంటనే అమ్మేస్తా" అని, మరొకరు "పదేళ్లయినా నడుపుతా" అని రాస్తే ఇద్దరూ మంచివారే. కానీ వారు పెట్టాలనుకుంటున్నవి రెండు వేరు వేరు కంపెనీలు.

దీనితో పాటు ఆ మనిషితో పనిచేసిన నలుగురితో మాట్లాడండి. వారిచ్చిన ఇద్దరు, మీరు వెతికి పట్టుకున్న ఇద్దరు. "ఎలాంటివాడు?" అని అడిగితే "చాలా మంచివాడండీ" అనే వస్తుంది. "ఒత్తిడిలో ఏం చేశారు? డబ్బు విషయంలో ఎప్పుడైనా తేడా వచ్చిందా? మళ్లీ కలిసి పనిచేస్తారా?" అని అడగండి. చివరి ప్రశ్న దగ్గర అవతలివారు కాస్త ఆగితే, ఆ ఆగడాన్నే జవాబుగా తీసుకోండి.

5. ఆరు వారాల పరీక్ష

రిజిస్ట్రేషన్, వాటా ఏదీ లేకుండా ఆరు వారాలు కలిసి ఒక చిన్న పని పూర్తిచేయండి. పనికి మూడు లక్షణాలుండాలి. బయటి మనిషి డబ్బు చెల్లించాలి, గడువు ఉండాలి, ఇద్దరి పనీ లేకుండా పూర్తికాకూడదు. ఇద్దరూ చెరో 10,000 రూపాయలు పెట్టి, ఖర్చు ఒక షీట్‌లో రాయండి.

మొదటి వారం పని ఎంచుకుని, దేన్ని విజయం అనాలో రాసుకోవడానికి. రెండు నుంచి నాలుగు వారాలు పని. ఐదో వారంలో కావాలనే ఒక కష్టమైన నిర్ణయం బల్ల మీద పెట్టండి: ధర పెంచడమో, ఒక కస్టమర్ని వదులుకోవడమో. ఆరో వారం లెక్కలు తేల్చుకుని, ఒకరి గురించి మరొకరు రాసుకున్నది చదువుకోవాలి.

చూడాల్సింది ఫలితం కాదు, తీరు. చెడ్డ వార్త మీకు ఎంతసేపట్లో చెప్పారు? ఖర్చు షీట్ అడక్కుండానే నింపారా? కస్టమరు ముందు మీ తప్పును తన తప్పుగా మోశారా, మీ మీదకు నెట్టారా? ఒకసారి ఆలస్యమైతే పరవాలేదు, ఆ ఆలస్యాన్ని దాచారంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

చేపల వ్యాపారం వారికి ఇంకో చిన్న మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వీలైతే మీ పరీక్షను ఆ రోజుల్లోనే పెట్టుకోండి. సరుకు లేని రోజుల్లో భాగస్వామి చెరువు చేపల వైపు తిరుగుతారా, హోటళ్లతో కొత్త ఒప్పందాలు చూస్తారా, "సీజన్ వచ్చాక చూద్దాం" అని ఇంటికెళ్లిపోతారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

6. వాటాలు, వెస్టింగు

సగం సగం పంచుకోవడం తప్పు కాదు. ఆలోచించకుండా సగం పంచుకోవడమే తప్పు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగం మాని, ఒకేలా డబ్బు పెట్టి, ఒకేలా పనిచేస్తుంటే సగం న్యాయమే. ఆలోచన ఎవరికి ముందు వచ్చిందన్న దానికి ఎక్కువ విలువ కట్టకండి, రాబోయే నాలుగేళ్ల పని ముందు అది చాలా చిన్నది. పెట్టిన డబ్బునూ చేసే పనినీ ఒకే తక్కెడలో వేయకండి. ఒకరు అదనంగా ఐదు లక్షలు పెడితే దాన్ని కంపెనీకి ఇచ్చిన అప్పుగా రాసుకోవడం శుభ్రమైన దారి.

అంకెలు ఎంచేటప్పుడు చట్టంలో వాటి బలం తెలిసుండాలి. సాధారణ తీర్మానానికి సగం కంటే ఎక్కువ ఓట్లు, ప్రత్యేక తీర్మానానికి 75 శాతం కావాలి. డైరెక్టర్ని తొలగించడానికి, వారి వాదన వినిపించుకునే అవకాశం ఇచ్చాక, 169వ సెక్షను కింద సాధారణ తీర్మానం చాలు. అంటే 51 శాతం ఉన్నవారు 49 శాతం ఉన్నవారిని బోర్డు నుంచి దించగలరు. వాటా మాత్రం వారిదే. 49 శాతంతో సంతకం పెట్టేవారికి ఈ సంగతి సంతకానికి ముందే తెలియాలి. కావాలంటే "ఇద్దరు వ్యవస్థాపకులకూ బోర్డులో చోటు ఉంటుంది" అని ఒప్పందంలోనూ, కంపెనీ నియమావళిలోనూ రాయించుకోవాలి.

సగం సగమైతే ముప్పు వేరేలా వస్తుంది. బోర్డు సమావేశానికి మొత్తం డైరెక్టర్లలో మూడోవంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలి. ఇద్దరే డైరెక్టర్లుండి ఒకరు అలిగి ఫోన్ ఎత్తకపోతే సమావేశమే జరగదు. బ్యాంకు తీర్మానం ఆగిపోతుంది, లెక్కల మీద సంతకం ఆగిపోతుంది. అందుకే సగం సగం పెట్టుకునేవారు ప్రతిష్టంభన వస్తే మాట చెప్పే మూడో మనిషి పేరును ముందే రాసుకోవాలి.

ఇక వెస్టింగు. వాటా మొదటి రోజే పేరున రాసినా, దాన్ని పనిచేసి సంపాదించుకోవాలన్నది దీని సారం. వాడుకలో ఉన్న పద్ధతి నాలుగేళ్లు. మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్తే ఏమీ రాదు, దీన్ని క్లిఫ్ అంటారు. ఏడాది నిండగానే పావు వంతు, ఆ తర్వాత నెలకు 48లో ఒక వంతు.

లెక్క చూడండి. పది రూపాయల షేర్లు 10,000, అంటే లక్ష రూపాయల మూలధనం. మొదటివారికి 5,200, రెండోవారికి 4,800. రెండోవారు పదో నెలలో వెళ్తే మొత్తం 4,800 షేర్లూ తిరిగి ఇవ్వాలి. 18వ నెల నిండాక వెళ్తే నెలకు 100 చొప్పున 1,800 వారివే, మిగిలిన 3,000 ముఖవిలువకు, అంటే 30,000 రూపాయలకు ఇచ్చేయాలి. వెస్టింగు ఇద్దరికీ ఉండాలి. ఆలోచన ఎవరిదైతేనేం, "నాకెందుకు?" అన్నారంటే వారితో మొదలుపెట్టకండి.

తిరిగొచ్చే షేర్లు ఎవరు కొనాలన్నది కూడా రాయాలి. కంపెనీ తన షేర్లను తానే వెనక్కి కొనడానికి చట్టంలో చాలా షరతులున్నాయి. అందుకని మిగిలిన వ్యవస్థాపకులు కొనేలా రాసుకోవడమే మామూలు. కాగితం షేర్లయితే ఎస్‌హెచ్-4 ఫారం మీద బదిలీ చేస్తారు, 0.015 శాతం స్టాంపు సుంకం. ఆ రోజు షేరు విలువ ముఖవిలువ కంటే బాగా పెరిగి, తేడా 50,000 రూపాయలు దాటితే కొన్నవారికి ఆదాయపు పన్ను రావచ్చు. బదిలీకి ముందే సీఏని అడగండి.

7. కాగితాలు

ముహూర్తం చూసుకుని కంపెనీ రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ మీద పడే తేదీ మాత్రం మీ చేతుల్లో ఉండదు. దాని గురించి బెంగపడకండి. వ్యవస్థాపకుల ఒప్పందం ఆ దరఖాస్తుకు ముందే సంతకం కావాలన్నదే అసలు పట్టింపు.

ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒప్పందం రాసుకోకపోతే 2008 చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం లాభనష్టాలు అందరికీ సమానం. నోటిమాటగా 70-30 అనుకున్నది అక్కడ చెల్లదు. మామూలు భాగస్వామ్య సంస్థలోనూ ఒప్పందం ఏదీ లేకపోతే లాభనష్టాలు సమానమే, పైగా అప్పులకు సొంత ఆస్తి కూడా పూచీ. స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే వెంచర్ ఫండ్ల డబ్బు కావాలనుకుంటే ప్రైవేట్ లిమిటెడే దారి.

ఒప్పందంలో వాటాలు, వెస్టింగు, ఎవరి బాధ్యతలేంటి, ఇద్దరి సమ్మతి ఉంటేనే జరగాల్సిన పనులు, జీతాలు, బయటి పనులు, నిష్క్రమణ, వివాద పరిష్కారం ఉండాలి. వివాదాలకు 1996 చట్టం కింద మధ్యవర్తిత్వ నిబంధన రాస్తూ, దాని స్థానం విశాఖపట్నం అని పేర్కొనండి. లేకపోతే నెట్‌లో దొరికిన నమూనాలోని ఢిల్లీయో ముంబయో అలాగే ఉండిపోతుంది.

షేర్ల బదిలీ మీద పెట్టిన ఆంక్షలు కంపెనీ నియమావళిలో, అంటే ఆర్టికల్స్‌లో కూడా చేర్చాలి. ఒప్పందంలో ఉండి ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీని కట్టిపడేయదని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం కోసం లాయరుకి డబ్బిచ్చి, ఆర్టికల్స్‌కి మాత్రం రెడీమేడ్ నమూనా వాడేయడం తరచూ జరిగే పొరపాటు.

మేధో సంపత్తి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కంపెనీ పుట్టకముందు రాసిన కోడ్, గీసిన లోగో వాటిని చేసినవారివే, కంపెనీవి కావు. కాబట్టి వాటిని కంపెనీకి రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఆ పత్రంలో కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న రెండు మాటలు ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.

"వెళ్లిపోయాక రెండేళ్లు ఇదే వ్యాపారం చేయకూడదు" అన్న నిబంధన మీద ఆశ పెట్టుకోకండి. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు అది మామూలుగా నిలవదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న నిబంధన ఎక్కువ పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇద్దరూ తమ వాటా డబ్బు కంపెనీ ఖాతాలో వేసి, 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ ఫారం (వ్యాపారం మొదలుపెడుతున్నామన్న ప్రకటన) దాఖలు చేయాలి. ఒకరు డబ్బు వేయకుండా నాన్చితే అది ఆగిపోతుంది. దాఖలు కాకుండా వ్యాపారం మొదలుపెట్టడానికీ అప్పు తీసుకోవడానికీ వీల్లేదు. కంపెనీకి 50,000 జరిమానా, డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా.

8. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది

"అన్నీ ఇద్దరం కలిసే చూసుకుంటాం" అంటే అర్థం, ఏదీ ఎవరూ చూసుకోరని. ప్రతి పనికీ ఒకే యజమాని ఉండాలి. అవతలివారు సలహా ఇవ్వొచ్చు, ఆఖరి మాట యజమానిది. ఉత్పత్తి, నియామకాలు, ధరలు, డబ్బు, చట్టపరమైన గడువులు, ఈ ఐదింటి ఎదురుగా ఒక్కో పేరు రాయండి. సీఈఓ ఒకరే. ఇద్దరు సీఈఓలుంటే ఉద్యోగులు తమకు నచ్చిన జవాబు ఇచ్చేవారి దగ్గరకు వెళ్లడం నెలలోపే నేర్చుకుంటారు.

బ్యాంకులో 25,000 లోపు ఒకరి ఆమోదం, ఆపైన ఒకరు నమోదు చేసి మరొకరు ఆమోదించే పద్ధతి పెట్టించండి. అంకె మీ ఇష్టం, రెండో కన్ను పడడం ముఖ్యం. కొత్త అప్పు, కొత్త వాటాదారు, ఆరు నెలలకు మించిన లీజు వంటివి ఇద్దరూ ఒప్పుకుంటేనే జరగాలి. ఈ జాబితాలో ఆరేడు అంశాలు మించితే పని నడవదు.

9. వారం వారం

సోమవారం పొద్దున 45 నిమిషాలు కూర్చోండి. బ్యాంకు నిల్వ ఎంత, అది ఎన్ని నెలలకు సరిపోతుంది, పోయిన వారం చెప్పినవాటిలో ఏవి జరగలేదు, ఈ వారం ఒక్కొక్కరి మూడు పనులేంటి అన్నవి చాలు. నిర్ణయాలకు ఒక పుస్తకం పెట్టండి. తేదీ, నిర్ణయం, కారణం, ఎవరు తీసుకున్నారు అని నాలుగు గళ్లు. ఆరు నెలల తర్వాత "నేనెప్పుడన్నాను?" అన్న గొడవకు ఆ పుస్తకమే మందు.

నెలకోసారి పని ఊసు లేకుండా కలవండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద గంట నడక దీనికి అనువు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. ఒకరికొకరు రెండే ప్రశ్నలు: "నా వల్ల నీకు ఇబ్బందైంది ఏంటి? ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది?"

దూరాన్నీ లెక్కలో వేసుకోండి. ఒకరిల్లు గాజువాకలో, ఆఫీసు రుషికొండలో అయితే ట్రాఫిక్‌లో ఒక్కో వైపే గంట దాటుతుంది. మొదటి నెల ఉత్సాహంలో అది తెలియదు. ఐదో నెలకు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని, పదో నెలకు "అతను ఆఫీసుకే రాడు" అన్న ఫిర్యాదు. ఏయే రోజులు తప్పనిసరిగా కలవాలో మొదట్లోనే రాసుకుంటే ఇది రాదు.

10. తేడా వచ్చినప్పుడు

తేడా మొదటి గుర్తులు మాటల్లో కనిపించవు. వాట్సాప్ జవాబులు పొడిగా మారతాయి, సోమవారం సమావేశం వాయిదా పడుతుంది, ఒకరు సొంతంగా సీఏని కలుస్తారు. అప్పుడు 48 గంటల్లో ఎదురుగా కూర్చోవాలి. మనిషిని కాకుండా పనిని పట్టుకుని మాట్లాడాలి. "నువ్వసలు పట్టించుకోవట్లేదురా" అంటే పోట్లాట మొదలవుతుంది. "బావా, గత నెల 40 హోటళ్లకు ఫోన్ చేద్దామనుకున్నాం, 11 అయ్యాయి, ఏటి ఆగింది?" అంటే జవాబు వస్తుంది. ఉద్యోగుల ముందు, కుటుంబాల ముందు, రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఈ చర్చ పెట్టకండి.

రెండుసార్లు మాట్లాడినా తెగకపోతే ముందే రాసుకున్న మూడో మనిషి దగ్గరకు వెళ్లండి. ఆ మనిషికి కంపెనీలో వాటా ఉండకూడదు, ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాకూడదు. రెండు వారాల గడువు పెట్టండి. అదీ కుదరకపోతే కలిసి కొనసాగాలా వద్దా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

11. విడిపోవాల్సి వస్తే

ఎవరు ఏ కారణంతో వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఒప్పందంలో రెండు దారులుండాలి. అనారోగ్యమో, పరస్పర అంగీకారమో అయితే సంపాదించుకున్న వాటా వారిదే. మోసమో, రహస్యాలు అమ్ముకోవడమో అయితే అదీ వదులుకోవాలి. మరణం గురించి రాయడం అశుభం అనుకుని చాలామంది వదిలేస్తారు. అలా వదిలేస్తే షేర్లు వారసులకు వెళ్తాయి, మీ కొత్త భాగస్వామి వ్యాపారం తెలియని, దుఃఖంలో ఉన్న కుటుంబం అవుతుంది. ఎస్‌హెచ్-13 ఫారంలో నామినీని రాయించి, వారి దగ్గర షేర్లు ఏ విలువకు కొనాలో సూత్రం కూడా ఒప్పందంలో పెట్టండి.

డైరెక్టరు రాజీనామా అందాక 30 రోజుల్లో కంపెనీ డీఐఆర్-12 ఫారం దాఖలు చేయాలి. ఇద్దరే డైరెక్టర్లయితే రెండో డైరెక్టర్ని ముందే సిద్ధం చేసుకోండి. రాజీనామా ఇవ్వకుండా మాయమైనవారి విషయంలో, 12 నెలల పాటు జరిగిన బోర్డు సమావేశాలన్నింటికీ రాకపోతే పదవి దానంతటదే పోతుంది. కానీ ఇద్దరే ఉన్న బోర్డులో కోరం, అంటే ఉండాల్సినంత మంది, లేక అసలు సమావేశాలే జరగవు కదా. మొదటి నుంచీ మూడో డైరెక్టరు ఉంటే మంచిదనడానికి ఇదొక కారణం.

వెళ్లే రోజుకు ముందే వస్తువుల జాబితా వేయండి. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద ఉంది, క్లౌడ్ ఖాతాకు కార్డు ఎవరిది, డిజిటల్ సంతకం టోకెన్ ఎవరి దగ్గరుంది, జీఎస్టీ పోర్టల్ ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది, దుకాణాల్లో అంటించిన క్యూఆర్ కోడ్ ఏ ఖాతాకు వెళ్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాట్సాప్ బిజినెస్ నంబరు. కస్టమర్లందరి దగ్గరా ఉన్న ఆ నంబరు వెళ్లిపోయేవారి సొంత సిమ్ అయితే, ఆర్డర్లూ వారితోనే వెళ్లిపోతాయి. కంపెనీ పేరు మీద కొత్త సిమ్ తీసుకుని, రెండు నంబర్లూ కలిసి నడుస్తుండగానే కస్టమర్లకు మార్పు చెప్పండి. ఇది రాజీనామా మాట రాకముందే, వీలైతే ఈ వారమే చేసి పెట్టుకోండి.